నడుములోతు

కొచ్కోర్ దాటాక, గడ్డి ఇంకా పచ్చబడని చోట
మాకొక గొయ్యి కావలసి వచ్చింది.
పైనుంచి గుర్రం దూకాలి, కింద కెమెరా ఉండాలి.
లో యాంగిల్ అంటే ఒక్కోసారి
మోకాళ్ళ మీద వాలితే చాలదు,
నేలకన్నా దిగువకి పోవాలి.

ఆ ఊళ్ళో గొయ్యి తవ్వే మనిషి ఒక్కడే, జుమాకదిర్.
పార భుజాన వేసుకుని, తెల్ల ఉన్నిటోపీ సర్దుకుంటూ వచ్చి
ముందుగా అడిగిన మాట: "ఎవరికి?"
"కెమెరాకి."
"ఎంత పొడుగు?"
ఐచురోక్ నవ్వలేదు. కెమెరామనిషి కదా,
కొలత అడిగితే కొలతే చెబుతుంది.
"నడుములోతు. నేనూ ఇదీ, ఇంకొకరూ పట్టాలి."
ఆ ఇంకొకరు నేను.

నా పనీ కొలవడమే.
లెన్సు నుంచి కంటిదాకా టేపు పట్టి
ఎన్ని మీటర్లో, ఎన్ని వేళ్ళో చూసుకుని
బొమ్మ మసకబారకుండా రింగు తిప్పడం.
అతను టేపు వద్దన్నాడు. పారకర్రనే
రెండుసార్లు పడుకోబెట్టాడు, ఒకసారి నిలబెట్టాడు.
మధ్యాహ్నానికల్లా గోడలు వెన్నలా కోసిపెట్టాడు.

అయితే, పక్కగోడలో ఒక అర కూడా తొలిచాడు.
మీద పోసే మట్టి మనిషికి తగలకుండా
వాళ్ళు గోరీలో తొలిచే అర.
ఎందుకు తవ్వావని ఎవరూ అడగలేదు.
అతనే చూసి, పార మీద గడ్డం ఆనించి
"చేతులు ఆగలేదు," అన్నాడు.
ఐచురోక్ అందులో టీ ఫ్లాస్కు పెట్టింది,
రెండు బ్యాటరీలు, ఒక లెన్సుమూత.

మొదటి టేక్‌లో గుర్రం దూకలేదు.
గొయ్యి అంచున నిలబడి, ముఖం కిందకి దించి
మమ్మల్ని చూసింది.
ఫ్రేమ్ నిండా పొడవాటి ముఖం,
రెప్పవెంట్రుకల మీద దుమ్ము.
రింగు తిప్పాను, అందింది.
"కట్," అన్నారు పైన. "మనకి కావలసింది దూకుడు, ముఖం కాదు."
రెండోసారి పక్కకి తప్పుకుంది.
మూడోసారి ఎర్మెక్ దాని చెవిలో ఏదో అన్నాడు.
ఒక్క క్షణం ఆకాశం పోయింది.
పొట్ట, పట్టీ, నాలుగు లాడాలు,
మా నోళ్ళ నిండా మట్టి.
"ఓకే!"

జుమాకదిర్‌ని మానిటర్ దగ్గరికి రమ్మన్నారు.
అతను గోతి దగ్గరికి వెళ్ళాడు.
"నలభై ఏళ్ళుగా దిగుతున్నాను," అన్నాడు,
"ఎప్పుడూ అడుగే చూశాను.
పైన ఏడ్చేవాళ్ళుంటారు కదా, తలెత్తబుద్ధి కాదు.
ఒక్కసారి దూకించండి."
వెలుగు తరిగిపోతోంది, జనరేటర్ అద్దె పెరిగిపోతోంది.
ఎర్మెక్ ఎవరినీ అడగకుండా గుర్రాన్ని వెనక్కి తిప్పాడు.

అతను వెల్లకిలా పడుకున్నాడు, టోపీ గుండెమీద.
గుర్రం ఈసారి ఏ మాటా చెప్పించుకోకుండా దూకింది.
ఆ షాట్ మా దగ్గర లేదు.

పైకి వచ్చి బట్టలు దులుపుకున్నాడు.
మేమంతా ఏదో పెద్దమాట కోసం చెవులు రిక్కించాం.
అతను ఎర్మెక్ వైపు తిరిగి
"జీను పట్టీ తెగడానికి వచ్చింది, మార్చుకో," అన్నాడు.

తవ్వినందుకు డబ్బు తీసుకున్నాడు, పూడ్చినందుకు తీసుకోలేదు.
తెరిచిన గొయ్యి రాత్రంతా ఎదురుచూస్తుందట.
లెన్సుమూత ఆ అరలోనే ఉండిపోయింది.
అడుగుదామనుకునే సరికి
అతను మట్టిని పాదాలతో అదుముతున్నాడు.

బిష్కెక్ హాల్లో ఆ షాట్ మూడు సెకన్లు.
జనం ఒక్కసారిగా తలలు వంచారు.
నేను వంచలేదు.
అవును, అక్కడుంది, ఎడమ కట్టు దగ్గర
నూలుపోగంత చిరుగు,
పోగుకి పోగు విడివిడిగా కనబడేంత స్పష్టంగా.
ఫోకస్ నాదే.